పొట్టు తీసిన పట్టా

నా డిగ్రీ పట్టాని నాకంటే ముందు చూసింది మా మావ. చూసి ఊరుకున్నాడా! టెక్కలి తీసుకెళ్ళి దానికి లామినేషన్ చేయించాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం అమ్మోరు పూనినట్టు ఊగిపోయాను.

మావ అంటే అమ్మ తమ్ముడు. కవిటి దగ్గర పల్లెలో ఉంటాడు. కొబ్బరితోట ఉండేది. తుఫాను దాన్ని ఒక్క పూటలో నేల మీద పడుకోబెట్టేసింది. ఆ తర్వాత కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తాడు. మేముండేది అక్కడే కాబట్టి, ఆ రోజు మా ఇంట్లోనే పడుకుని మర్నాడు బస్సెక్కుతాడు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను పెంచిందీ, చదివించిందీ, చదువెక్కువై నోరు పెరిగిందని తిట్టిందీ ఈ అక్కాతమ్ముళ్ళిద్దరే.

నేను స్కాలర్‌షిప్ మీద స్కాట్లాండ్ వెళ్ళి సైకాలజీలో మాస్టర్స్ చేశాను. ఎందుకా చదువు అని చాలామంది అడిగారు. డయాలసిస్ వార్డులో మావ పక్కన ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ ప్రశ్న అడగరు. కిడ్నీజబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో రక్తం పరీక్ష చెయ్యడానికి మనుషులు వస్తారు, బావుల్లో నీళ్ళు పరీక్ష చెయ్యడానికి మనుషులు వస్తారు. నాలుగు గంటలసేపు మంచం మీద పైకప్పు చూస్తూ పడుకున్న మనిషితో మాట్లాడటానికి మాత్రం ఎవరూ రారు. ఒకాయన భార్యతో మాటలు మానేస్తాడు. ఇంకొకాయన మందులు మానేస్తాడు. మావ కూడా మొదటి ఏడాదంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ గోడకీ మనిషికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునే పని నాది కావాలనుకున్నాను.

చదువయితే అయింది. దాన్ని ఇక్కడ చదువు అని ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. పేరు నమోదు కావాలంటే నా డిగ్రీ మన డిగ్రీతో సమానమేనని ఢిల్లీ ఆఫీసు రాసివ్వాలి. ఢిల్లీ వాళ్ళు రాయాలంటే ప్రతి సబ్జెక్టు సిలబస్సూ కావాలి, ఎన్ని గంటలు ఎవరి పర్యవేక్షణలో రోగులతో కూర్చున్నానో లెక్క కావాలి, ఆ లెక్క నిజమేనని మా మేష్టార్ల ఉత్తరాలు కావాలి. ఒక్కో కాగితం ఇంకో కాగితాన్ని కంటూ పోయింది. ఎనిమిది నెలలు! విశాఖలో ఒక స్కూల్లో తాత్కాలికంగా పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తూ, ఆ ఫైలు ఒక్కటే నా సంసారం అన్నట్టు బతికాను.

సరిగ్గా అప్పుడే పలాస డయాలసిస్ సెంటర్లో సైకాలజిస్టు పోస్టు పడింది. మొట్టమొదటిసారి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో రెండు నెలల్లోగా అప్లికేషన్ పెట్టాలి. అక్కడి ఆఫీసరుకి ఫోన్ చేస్తే ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: ఈ మారుమూలకి అర్హత ఉన్నవాళ్ళెవరూ రారు, గడువులోగా ఎవరూ రాకపోతే పోస్టు వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. నా ఫైల్లో అప్పటికి ఒక్కటే తక్కువ. అసలు పట్టా. స్నాతకోత్సవం నేను వచ్చేశాక జరిగింది, అందుకని దాన్ని కొరియర్లో పంపారు. అది రావాలి, దాని వెనక ఆ దేశపు ముద్ర పడాలి, ఢిల్లీకి పోవాలి. లెక్క వేసుకుంటే సరిపోతుంది, ఒక్క వారం కూడా వృథా కాకపోతే.

కొరియర్ వచ్చిన రోజు నేను విశాఖలో, అమ్మ ఫ్యాక్టరీలో. ఇంట్లో ఉన్నది మావ.

“ఓలే పిల్లా, నీ పట్టా వచ్చినాది. సంతకం ఎట్టి నానే తీసుకున్నాను,” అన్నాడు ఫోన్లో. “నువ్వేటీ బెంగెట్టుకోకు, బద్రం సేసీసినాను.”

ఎలా భద్రం చేశావని నేను అడగలేదు. అదీ నా సైకాలజీ.

శనివారం రైలు దిగి ఇంటికెళ్ళేసరికి మావ వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త తువ్వాలు మడత. తువ్వాలు విప్పాడు. లోపల నా పట్టా తళతళా మెరుస్తోంది. మెరవకూడనంతగా మెరుస్తోంది.

“సూడే,” అన్నాడు మొహం వెలిగిపోతూ. “పెద్ద సైజు కాయితం కదా, ఇక్కడి మిషనుకి పట్టనేదు. టెక్కలి అట్టుకెల్లినాను. ఇంక సముద్రంలో పడీసినా దీనికేటీ అవ్వదు.”

ఆ దేశం పంపి ముద్ర వేయించే విశాఖ ఏజెంటు ఇచ్చిన నియమాల కాగితం నాకు కంఠతా వచ్చు. మొదటి వరుసే అది: లామినేషన్ చేసిన పత్రాలు తీసుకోబడవు. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, ముద్ర పడదు.

కోపమొస్తే నా స్కాట్లాండంతా ఎగిరిపోయి ఉద్దానం బయటికొస్తుంది. “ఎవులు సెయ్యమన్నారు నిన్ను?” అని అరిచాను. “ఏటి సేసినావో తెలుసా నీకు? ముద్ర పడదు. పోస్టు పోనాది. నీ తోట పోనాదని నా బతుకు కూడా పోవాలా?”

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మావ నా మొహంలోకి చూశాడు, పట్టా వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అమ్మ వడ్డించిన అన్నం అలాగే ఉండగా, బస్టాండుకి నడిచి వెళ్ళిపోయాడు. మనుషుల మాట వినడం నేర్చుకున్నానని ఇచ్చిన పట్టా అది. దాన్ని చేతిలో పట్టుకునే, ఒక్క మాట వినకుండా అంత మాట అనేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కోపం మాత్రం చావలేదు, నిజం చెప్పాలి కదా.

మావ అలా ఎందుకు చేశాడో నాకు తెలియనిదేమీ కాదు. తుఫానులో ఇంటి కప్పు లేచిపోయి, ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. భూమి పాస్‌బుక్కు పప్పులా చేతికి వచ్చింది. తోట కళ్ళముందే ఉంది, మొద్దులు నేల మీద పడే ఉన్నాయి, అయినా ఈ తోట నీదేనని కాగితం ఏదీ అన్నారు. తన తోట తనదేనని రుజువు చేసుకోవడానికి రెండేళ్ళు తిరిగాడు. ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో లామినేషన్ కాని కాగితం లేదు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, అన్నిటికీ ప్లాస్టిక్కే. మావకి తెలిసిన ప్రేమ అది.

సోమవారం విశాఖ తిరిగెళ్ళి ఏజెంటుకి ఫోన్ చేశాను. కుదరదన్నాడు. యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. ఇంకో ప్రతి ఇస్తారట, అయిదు నెలలు పడుతుందట. పోస్టు గడువు రెండు నెలలు. ఇక చేసేదేముంది, ఆ లామినేషన్ వేసిన మహానుభావుడినైనా నాలుగు కడిగేద్దామని శుక్రవారం టెక్కలి బస్సెక్కాను.

బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. షాపాయన పట్టా చూడగానే గుర్తుపట్టాడు. “ఏసీసినాక తీడమేటమ్మా! సిరిగిపోద్ది. నాను సెయ్యెట్టను,” అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచేలోపు ఆయనే చెప్పుకొచ్చాడు. “ఆ బాబు సేతికి పలాస్త్రీ ఏసుంది. ముందురోజే రక్తం కడిగించుకున్నాడంట. కూకో బాబూ అంటే కూకోడు. నా మేనగోడలు ఫారిన్ పట్టా, నలగకూడదని సేతిలో అట్టుకునే నిలబడ్డాడు. ఆ రోజు కరెంటు సన్నంగా ఉండి మిషను సరిగ్గా కాగనేదమ్మా. అంచులే అతుక్కున్నాయి. మల్లీ ఏత్తానన్నాను. బస్సు పోద్దని ఎలిపోనాడు.”

పట్టాని వెలుతురుకి ఎత్తి చూశాను. నిజమే. మధ్యలో ప్లాస్టిక్కుకీ కాగితానికీ నడుమ సన్నటి గాలిపొర ఉంది. షాపాయన్ని తిట్టడం మరిచిపోయి, ఆయన తెప్పించిన టీ తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మకి ఇదంతా చెబితే అమ్మ పట్టా వైపు చూడనైనా లేదు. “మావ డయాలసిస్‌కి రానేదే,” అంది. “మంగలారం రావాల. ఇయాల రావాల. ఫోనెత్తడం నేదు.”

రెండు విడతలు మానేస్తే ఏమవుతుందో మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు.

మర్నాడు అమ్మ పనికి సెలవు పెట్టింది. అమ్మ సెలవు పెట్టడం నేను చూసింది అది రెండోసారి. తొలి బస్సుకి కవిటి వెళ్ళాం, అక్కణ్ణుంచి ఆటో. మావ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాళ్ళు ఉబ్బిపోయాయి. ఆయాసంగా ఉంది.

“మావా, తప్పయిపోయింది,” అన్నాను. ఇలాంటి చోట ఏం మాట్లాడాలో నేను రెండేళ్ళు చదువుకున్నాను. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఏడుపొచ్చేసింది.

“నువ్వు ఏడవకే. నా సేత్తోనే నీ నోట్లో మన్ను కొట్టినాను,” అన్నాడు గోడతోనే. “నాను బతికి ఎవులికి ఉపకారం?”

అమ్మ ఇద్దర్నీ పట్టించుకోలేదు. నా సంచీలోంచి పట్టా లాక్కుని, కిటికీ దగ్గర కూర్చుని, అంచుల వెంట గోటితో తడుముతోంది. మధ్యలో బొటనవేలితో నొక్కి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని వంచి, చప్పుడు విన్నది.

“ఓలమ్మో, ఇంతోటి దానికేనేటి మీ ఇద్దరి ఏడుపూ?” అంది. “ఇది పొట్టే కదా. పప్పు మీద పొట్టెలాగుంటాదో అలాగే ఉంది. మద్దిన ఒదిలీసింది, అంచుల్లో పట్టుకున్నాది. నాను తీత్తాను.”

మావ ఇటు తిరిగాడు. “తీయగలవేటి అప్పా?” అని అక్కని అడిగాడు.

“తీత్తాను. అయితే ముందు నువ్వు లెగు. పలాస ఎల్లి రక్తం కడిగించుకో. నువ్వు ఆసుపత్రి మంచం ఎక్కితేనే నాను కత్తి పడతాను. నేకపోతే ఈ పట్టా ఇలాగే గోడకి తగిలిస్తాను, సూసుకుంటా కూకో.”

మావ లేచాడు. లేచి, బయల్దేరే ముందు బీరువా తెరిచి, తన లామినేషన్లన్నీ సంచీలో వేసుకున్నాడు. “అప్పకి సెయ్యి అలవాటవ్వాల కదా. ముందు ఈటి మీద తియ్యమను,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం మావకి డయాలసిస్ అయింది. నర్సు నన్ను కూడా చెడామడా తిట్టింది. పడ్డాను. మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకి మా ముందుగదిలో పని మొదలైంది. గాలికి కాగితం కదలకూడదని ఫ్యాను ఆపేశాం. అమ్మ ఎదురుగా పీట, పీట మీద మడతపెట్టిన పాత చీర, పక్కన ఇస్త్రీ పెట్టె, ఫ్యాక్టరీలో వాడే బొటనవేలంత కత్తి.

జీడిపప్పు పని తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. పిక్క కొట్టి తీసిన పప్పుకి ఎర్రటి పొట్టు ఉంటుంది. పప్పుని వేడిలో ఆరబెట్టి, కత్తి మొనతో ఆ పొట్టు ఒలుస్తారు. పప్పు విరగకుండా మొత్తంగా వస్తే గుండు. రెండుగా విడిపోతే బద్ద. గుండుకి ఉన్న గౌరవం బద్దకి లేదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు మా అమ్మ చేతి కింద విరిగిన పప్పు తక్కువ.

“వేడి మీద తీత్తే విరుగుద్ది. సల్లారిపోతే పట్టేసుకుంటాది,” అంది ఇస్త్రీ పెట్టె గుడ్డ మీద తిప్పుతూ. “మద్దిన ఓ గడియుంటాది. ఆ గడియలో తీసీయాల.”

ఆ గడియ అమ్మకి ఎలా తెలుస్తుందంటే, కాగితాన్ని ఎత్తి చెంపకి ఆనించుకుంటుంది. అంతే.

మొదటిది రేషన్ కార్డు జిరాక్సు. చిరిగిపోయింది. రెండోది కరెంటు బిల్లు. అక్షరాలన్నీ ప్లాస్టిక్కుతో పాటు లేచి వచ్చేశాయి. మూడోది చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మావ పదో తరగతి తప్పిన మార్కుల జాబితా! దానికి కూడా లామినేషన్ చేయించాడు మహానుభావుడు. అది సగందాకా శుభ్రంగా వచ్చి, నడిమధ్యలో చిరిగింది.

మావ వంగి చూశాడు. “లెక్కల కాడే సిరిగినాది,” అన్నాడు. “అప్పుడూ అక్కడే పోనాను.”

అమ్మ నవ్వలేదు. వేడి తగ్గించింది. నాలుగోది కొబ్బరి సొసైటీ కార్డు, కొంచెం మందం కాగితం. దాన్ని చెంపకి ఆనించి, ఊఁ అనుకుని, మూల దగ్గర కత్తి మొన దూర్చి, గుండెల నిండా గాలి పీల్చి వదులుతూ లాగింది. ప్లాస్టిక్ ఉల్లిపొరలా వచ్చేసింది. కార్డు మీద ఒక్క అక్షరం చెదరలేదు. అయిదోది, ఆరోది కూడా అలాగే వచ్చాయి.

“తే,” అంది.

పట్టా అందించాను. ముందు వెనకవైపు తీసింది, మధ్యకి రాగానే అది తనంతట తానే వదిలేసింది. ముందువైపు తిప్పింది. పేరు దాటింది. తేదీ దాటింది. సంతకాలు దాటింది. బంగారు రంగు ముద్ర దగ్గర పొర ఆగిపోయింది.

నేనైతే లాగేసేదాన్ని. అమ్మ చెయ్యి తీసేసింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. చేతులు కడుక్కుని, చీరచెంగుకి తుడుచుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. ముద్ర ఉన్నచోట మాత్రమే ఇస్త్రీ పెట్టె మొన తాకించి, చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుంది. కత్తి మొన కదిలింది. పొర వచ్చేసింది. కిందిమూల గోరంత మేర కాగితం మీది నునుపు లేచింది తప్ప, నా పట్టా ఎలా పుట్టిందో అలాగే ఉంది.

అమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసింది.

“గుండే,” అంది. “బద్ద కాదు.”

నేను కేక పెట్టి అమ్మని కౌగిలించుకున్నాను. మావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పక్కింటివాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

విశాఖలో ఏజెంటు పట్టాని తిరగేసి, బోర్లేసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. లామినేషన్ వేశారు, మా అమ్మ తీసిందన్నాను. ఏం మిషన్‌తో తీశారని అడిగాడు. జీడిపప్పు కత్తితో అన్నాను. ఆయన లోపలున్న ఇద్దర్ని పిలిచి చూపించాడు, నవ్వుతూ తలూపి పట్టా తీసుకున్నాడు. ముద్ర పడింది. ఢిల్లీ నుంచి సమానమేనన్న ఉత్తరం వచ్చింది. గడువుకి ఇంకా నాలుగు రోజులుందనగా కౌన్సిల్ నంబరు వచ్చింది. ఆ నంబరు నేను అమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి గట్టిగా చదివి వినిపించాను. భోజనాల వేళ. పొట్టు తీసే ఆడవాళ్ళంతా ఈలలు వేశారు. “నీ కూతురు కాదే డాక్టరు, నువ్వే!” అని అమ్మని ఏడిపించారు. అమ్మ ఆ రోజంతా తల ఎత్తుకుని పనిచేసిందట. ఆ మాట ఆవిడ చెప్పలేదు, సూపర్‌వైజరు చెప్పింది.

పోస్టు నాకే వచ్చింది. ఇంకెవరూ రాలేదు కూడా.

మొదటిరోజు పదిగంటలకి నా గది తలుపు తీసుకుని మావ వచ్చాడు. సొంత మనుషులకి నేను కౌన్సెలింగ్ చెయ్యకూడదు, నియమం ఒప్పుకోదని చెప్పాను.

“నాకెందుకే నీ కౌన్సిలింగు? ఇంటికొచ్చినప్పుడల్లా పెడతన్నావు కదా,” అన్నాడు. “ఈ బాబుని తెచ్చినాను.”

వెనక ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. డొంకూరు నుంచి వస్తాడు, సముద్రం మీద వేట చేసిన మనిషి. వార్డులో మూలమంచం ఆయనది. నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడలేదు, నర్సులతో కూడా తలూపడమే. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నన్ను చూడలేదు. గది చుట్టూ చూశాడు. గోడ మీద కొత్తగా తగిలించిన నా రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర ఆయన చూపు ఆగింది. దగ్గరికి వెళ్ళి, దాని అంచు వేలితో తడిమాడు.

“అదేటి?” అన్నాడు. గొంతు వాడక వాడక బొంగురుపోయి ఉంది. “దీనికి లామినేసన్ సేయించనేదేటమ్మా?”

మావ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గోడకి జారబడ్డాడు. ఈ మాట రాసుకోవచ్చా అని తర్వాత నేను ఆ పెద్దాయన్ని అడిగాను. రాసుకోమన్నాడు.

“లేదు తాతా, సేయించను,” అన్నాను.

“మరి తడిస్తేనో?”

“తడిస్తే ఆరబెట్టుకుంటాను. కూకో. నీయి తడిసినాయేటి?”

ఆయన కూర్చున్నాడు. తుఫానులో తన పడవ కాగితాలు ఎలా కొట్టుకుపోయాయో చెప్పడం మొదలుపెట్టాడు. డయాలసిస్‌కి టైమైందని నర్సు వచ్చి రెండుసార్లు పిలిచేదాకా చెబుతూనే ఉన్నాడు.